గాల్లో వేలాడే బంతి: ఫిజిక్స్ పాఠానికి టేబుల్ మీద పెట్టుకునే మాగ్లెవ్ తయారీ

అయస్కాంతంతో వస్తువుని గాల్లో నిలబెట్టే బొమ్మలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. చూడ్డానికి బాగుంటాయి కానీ పాఠం చెప్పడానికి పెద్దగా పనికిరావు. లోపల ఏం జరుగుతోందో కనపడదు, ఏదీ మార్చి చూడలేం. ఫిజిక్స్ నేర్పే పరికరం అన్నాక కావాలని చెడగొట్టి, ఎందుకు చెడిందో చూసే వీలుండాలి. అందుకే ఈ పరికరంలో రెండు నాబ్‌లు బయటికి పెడతాం. మొదటిది, వస్తువు ఎక్కడుందో చూసి ఎంత గట్టిగా స్పందించాలో నిర్ణయిస్తుంది. రెండోది, వస్తువు ఎంత వేగంగా కదులుతోందో చూసి ఎంత గట్టిగా స్పందించాలో చెబుతుంది. రెండో నాబ్‌ని సున్నాకి తిప్పండి, బంతి ఊగి ఊగి పడిపోతుంది. పిల్లలు చూడాల్సింది అదే: వస్తువు ఎక్కడుందో తెలిస్తే చాలదు, ఎటు వెళుతోందో కూడా తెలియాలి.

టంకం వేయడం, మల్టీమీటర్ వాడటం, ఆర్డునోలో చిన్న ప్రోగ్రామ్ రాయడం వచ్చినవాళ్లు రెండు రోజుల్లో దీన్ని పూర్తి చేయొచ్చు.

మొదలుపెట్టేముందు తెలియాల్సిన ఫిజిక్స్

స్థిరంగా ఉండే విద్యుత్ ఛార్జ్‌ల మధ్య బలాలతో మాత్రమే ఏ వస్తువునీ స్థిరమైన సమతాస్థితిలో నిలబెట్టలేమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లో నిరూపించాడు. శాశ్వత అయస్కాంతాలకీ ఇదే వర్తిస్తుంది. ఎలా అమర్చినా మూడు దిశల్లో కనీసం ఒక దిశలో వస్తువు జారిపోతుంది. ఏ దిశలో జారాలో మాత్రం మన చేతిలో ఉంటుంది. కిందనుంచి తోసే అమరికలో వస్తువు పైకీ కిందికీ స్థిరంగానే ఉంటుంది, పక్కలకి జారుతుంది. అప్పుడు రెండు దిశల్లో కాపలా కాయాలి, కాయిళ్లు, సెన్సర్లు ఎక్కువ కావాలి. పైనుంచి లాగే అమరికలో పక్కలకి దానంతటదే మధ్యకి వచ్చేస్తుంది. నిలువు దిశ ఒక్కటే అస్థిరం, కాబట్టి కాయిల్ ఒక్కటి చాలు. మొదటిసారి చేసేవాళ్లు తప్పకుండా ఈ రెండోదే ఎంచుకోవాలి. షాంఘైలో నడిచే మాగ్లెవ్ రైలు కూడా పట్టాని కిందనుంచి ఆకర్షిస్తూ, సుమారు 10 మి.మీ. ఖాళీని ఇదే పద్ధతిలో కాపాడుకుంటుంది.

ఎంత తొందరగా స్పందించాలి అనేది లెక్క కట్టొచ్చు. ఆకర్షణ బలం దూరం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతోందనుకుందాం. సమతాస్థితి నుంచి తప్పిన దూరం సుమారు 2.7 రెట్లు పెరగడానికి పట్టే కాలం, ఖాళీని (4 × 9.8)తో భాగించి వర్గమూలం తీస్తే వస్తుంది. ఖాళీ 20 మి.మీ. అయితే జవాబు దాదాపు 23 మిల్లీసెకన్లు. అంటే కొలవడం, లెక్కించడం, కాయిల్‌లో కరెంటు మార్చడం అన్నీ కొద్ది మిల్లీసెకన్లలో అయిపోవాలి. కింద చెప్పే ప్రతి కొలత వెనకా ఈ 23 మిల్లీసెకన్లే ఉన్నాయి.

కావలసిన సామాన్లు

- 0.4 మి.మీ. ఎనామెల్ రాగి తీగ, 70 మీటర్లు (సుమారు 80 గ్రాములు)
- ఎం8 మైల్డ్ స్టీల్ బోల్టు, 60 మి.మీ. పొడవు, నట్టు
- ఎస్‌ఎస్49ఈ లీనియర్ హాల్ సెన్సర్లు రెండు (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచేవి; కాళ్లు విరిగే సందర్భాలు ఉంటాయి, ఇంకొకటి అదనంగా ఉంచుకోండి)
- ఆర్డునో నానో
- ఐఆర్‌ఎల్‌జడ్44ఎన్ మాస్‌ఫెట్ (కాయిల్ కరెంటుని ఆన్ ఆఫ్ చేసే స్విచ్)
- 1ఎన్5822 షాట్కీ డయోడ్
- 10 కిలో ఓమ్ పొటెన్షియోమీటర్లు రెండు, నాబ్‌లతో
- 150 ఓమ్, 10 కిలో ఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటి
- 1000 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్ ఒకటి, 0.1 మైక్రోఫారడ్‌వి మూడు
- 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్
- 15 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. మందం ఉన్న నియోడిమియం బిళ్ల అయస్కాంతం
- 40 మి.మీ. టేబుల్ టెన్నిస్ బంతి, మోడలింగ్ క్లే
- స్టాండ్‌కి చెక్క లేదా యాక్రిలిక్

రెండు విషయాల్లో పొరపాటు పడొద్దు. బోల్టు స్టెయిన్‌లెస్ స్టీల్‌ది కాకూడదు. మామూలుగా దొరికే స్టెయిన్‌లెస్ బోల్టుల్లో చాలావాటికి అయస్కాంతం దాదాపు అంటుకోదు. బాగా గట్టిపరిచిన హై టెన్సైల్ బోల్టు కూడా వద్దు, కరెంటు ఆపాక అందులో అయస్కాంతత్వం మిగిలిపోతుంది. ఇక మాస్‌ఫెట్: ఐఆర్‌ఎఫ్‌జడ్44ఎన్ అనే పేరూ దాదాపు ఇలాగే ఉంటుంది కానీ దాని గేటుకి 10 వోల్టులు కావాలి. ఆర్డునో ఇచ్చే 5 వోల్టులకి అది సగమే తెరుచుకుని వేడెక్కుతుంది. ‘ఎల్’ అక్షరం ఉన్నదే తీసుకోండి.

కాయిల్ చుట్టడం

బోల్టు దూరేలా 8.2 మి.మీ. రంధ్రం, 10 మి.మీ. బయటి వ్యాసం ఉన్న ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, రెండు చివర్లా 32 మి.మీ. వ్యాసం ఉన్న బిళ్లలు అంటించండి. బిళ్లల మధ్య 30 మి.మీ. ఖాళీ ఉండాలి. త్రీడీ ప్రింటర్ ఉంటే ఈ బాబిన్‌ని ఒకేసారి ముద్రించుకోవచ్చు. బిళ్లలు 2 మి.మీ. కంటే పలచగా ఉంటే తీగ బిగువుకి బయటికి వంగిపోతాయి, 3 మి.మీ. పెట్టండి.

బోల్టుకి బాబిన్ తొడిగి నట్టు బిగించి, బోల్టు కొసని డ్రిల్ మెషీన్‌లో పట్టించి నెమ్మదిగా తిప్పుతూ చుట్టండి. మొదట్లో 15 సెం.మీ. తీగ బయటికి వదిలి, దాన్ని బిళ్లకి టేపుతో అంటించండి. వరసకి సుమారు 66 చుట్లు, అలా 18 వరసలు, మొత్తం దాదాపు 1200 చుట్లు వస్తాయి. ప్రతి నాలుగైదు వరసలకి ఒక చుట్టు టేపు వేస్తే పై వరసల తీగ కింది వరసల్లోకి దిగబడదు. చుట్లు లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి చుట్టాల్సిన అవసరం లేదు. 1100 నుంచి 1250 వరకు ఎంతైనా పనిచేస్తుంది, చివర్లో రెసిస్టెన్స్ చూసుకుంటే చాలు.

ఎనామెల్‌ని బ్లేడుతో లేదా గరుకు కాగితంతో అన్నివైపులా గీకి, కొసలకి టంకం పట్టించి కొలవండి. 9 నుంచి 10 ఓమ్‌ల మధ్య రావాలి. 5 ఓమ్‌లు వస్తే మందమైన తీగ వాడినట్టు. అలాంటి కాయిల్‌కి 12 వోల్టులు ఇస్తే 29 వాట్ల వేడి పుడుతుంది, అది వద్దు. మన కాయిల్ పూర్తి కరెంటులో 1.3 ఆంపియర్లు లాగి 15 వాట్ల వేడి ఇస్తుంది, బంతి తేలుతున్నప్పుడు మాత్రం 2 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది. కాయిల్ కొసకీ బోల్టుకీ మధ్య కూడా ఒకసారి మీటర్ పెట్టి చూడండి. ఏమైనా కలుస్తుంటే బోల్టు మరలకి ఎనామెల్ గీసుకుపోయినట్టే.

స్టాండ్, బంతి

సి ఆకారంలో చెక్క ఫ్రేమ్ చేయండి. పై చేయి మందం 8 నుంచి 10 మి.మీ. ఉండి, అడుగు పలక నుంచి కనీసం 12 సెం.మీ. ఎత్తులో ఉండాలి. బోల్టు తల కిందికి చూసేలా కాయిల్‌ని చేతి కింద పెట్టి, పైనుంచి నట్టు బిగించండి. కాయిల్ చుట్టూ 10 సెం.మీ. లోపల ఇనుప మేకులు, స్క్రూలు లేకుండా చూసుకోండి. చెక్క జిగురుతో అతికించండి, లేదా ఇత్తడి స్క్రూలు వాడండి. చేయి సన్నగా ఉండి ఊగితే బంతి కూడా ఊగుతుంది, ఆ తప్పు ఎక్కడుందో వెతకడం చాలా కష్టం. ఫ్రేమ్ బరువుగా, గట్టిగా ఉంటేనే మేలు.

బంతిని కింది భాగంలో చిన్నగా కోసి లోపల 10 గ్రాముల క్లే అడుగుకి ఒత్తి పెట్టండి. అయస్కాంతాన్ని బంతి నెత్తిమీద ఎపాక్సీతో అంటించండి. అయస్కాంతం దాదాపు 6.6 గ్రాములు, బంతి 2.7 గ్రాములు, అన్నీ కలిపి 20 గ్రాముల లోపు వస్తుంది. బరువు కిందికి ఉండటం వల్ల బంతి తలకిందులు కాకుండా వేలాడుతుంది.

సెన్సర్లు రెండు ఎందుకు

ఇలాంటి ప్రయత్నాలు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. బోల్టు తల కింద ఒక్క హాల్ సెన్సర్ పెడితే అది బంతి మీది అయస్కాంతాన్ని చూస్తుంది, దాంతోపాటు కాయిల్ పుట్టించే క్షేత్రాన్నీ చూస్తుంది. మన కాయిల్‌లో అర ఆంపియర్ పారినా ఆ క్షేత్రం బంతి అయస్కాంతం ఇచ్చేదానితో సమానంగా ఉండొచ్చు, అంతకంటే ఎక్కువా ఉండొచ్చు. కరెంటు పెంచగానే సెన్సర్ రీడింగ్ పెరుగుతుంది, బంతి దగ్గరికొచ్చిందనుకుని ప్రోగ్రామ్ కరెంటు తగ్గించేస్తుంది. బంతి మాత్రం కదలనే లేదు.

దీనికి తేలికైన మందు రెండో సెన్సర్. దాన్ని బోల్టు పై కొస మీద పెట్టండి. కాయిల్ క్షేత్రం రెండు కొసల్లోనూ ఒకే దిశలో ఉంటుంది, బంతి అయస్కాంతం ప్రభావం పై కొస దగ్గర చాలా తక్కువ. కింది రీడింగ్ నుంచి పై రీడింగ్‌ని తగిన పాళ్లలో తీసేస్తే కాయిల్ వాటా పోయి బంతి వాటా మిగులుతుంది.

రెండు సెన్సర్లనీ పేరు ముద్రించిన ముఖం ఒకే వైపు, అంటే రెండూ కిందికి చూసేలా అంటించండి. బోల్టుకీ సెన్సర్‌కీ మధ్య 2 మి.మీ. ప్లాస్టిక్ ముక్క పెట్టండి, లేకపోతే కాయిల్ పూర్తి కరెంటులో సెన్సర్ కొలవగలిగే హద్దు దాటిపోతుంది. ముద్రించిన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమనుంచి కుడికి 5 వోల్టులు, గ్రౌండ్, అవుట్‌పుట్. ఒక్కో సెన్సర్ కాళ్ల దగ్గరే 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ టంకం వేయండి. సెన్సర్ వైర్లు మూడింటినీ మెలిపెట్టి, కాయిల్ వైర్లకి దూరంగా, ఫ్రేమ్ రెండో వైపునుంచి తీసుకురండి.

సర్క్యూట్ కలపడం

12 వోల్టుల ప్లస్ నుంచి కాయిల్ ఒక కొసకి, కాయిల్ రెండో కొస నుంచి మాస్‌ఫెట్ డ్రెయిన్‌కి, సోర్స్ నుంచి గ్రౌండ్‌కి. డయోడ్‌ని కాయిల్‌కి సమాంతరంగా, గీత ఉన్న కొస 12 వోల్టుల వైపు ఉండేలా కలపండి. ఇది తిరగబడితే షార్ట్ అయినట్టే, అసలు లేకపోతే మాస్‌ఫెట్ కాలిపోతుంది. ఆర్డునో డీ9 పిన్ నుంచి 150 ఓమ్‌ల ద్వారా గేటుకి, గేటు నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్. ఆర్డునో ఇంకా మేలుకోకముందు కాయిల్ ఆన్ అయిపోకుండా ఈ 10 కిలో ఓమ్ కాపాడుతుంది.

పెద్ద కెపాసిటర్‌ని కాయిల్‌కి కరెంటు వెళ్లే చోట, 12 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య పెట్టండి. కింది సెన్సర్ ఏ0కి, పై సెన్సర్ ఏ1కి, రెండు నాబ్‌ల మధ్య కాళ్లు ఏ2, ఏ3కి. మిగిలిన 0.1 మైక్రోఫారడ్ ఆర్డునో 5 వోల్టుల కాలికీ గ్రౌండ్‌కీ మధ్య. మాస్‌ఫెట్ గ్రౌండ్ వైరూ సెన్సర్ల గ్రౌండ్ వైరూ విడివిడిగా వచ్చి అడాప్టర్ సాకెట్ దగ్గర మాత్రమే కలవాలి. ఒకే వైర్ మీద రెండూ పంచుకుంటే కాయిల్ కరెంటు మారిన ప్రతిసారీ సెన్సర్ రీడింగ్ కదులుతుంది.

ప్రోగ్రామ్ చేయాల్సిన పని

డీ9 పిన్ పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్ ఆఫ్ చేస్తూ సగటు కరెంటుని మార్చే పద్ధతి) మామూలుగా 490 హెర్ట్జ్ దగ్గర నడుస్తుంది. అంత నెమ్మదైతే కాయిల్ గీపెడుతుంది, కరెంటు అలలు సెన్సర్‌లోకి వస్తాయి. టైమర్ 1 ప్రీస్కేలర్‌ని (గడియారం వేగాన్ని భాగించే అంకెని) 1కి మార్చండి, 31 కిలోహెర్ట్జ్ దాటుతుంది. చెవికి వినపడదు, కాలం లెక్కపెట్టే ఫంక్షన్లూ చెడవు, ఎందుకంటే అవి టైమర్ 0 మీద నడుస్తాయి. సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ ప్రీస్కేలర్‌ని 128 నుంచి 32కి తగ్గించండి. ఒక్కో రీడింగ్ 100 మైక్రోసెకన్ల పైనుంచి 30 దగ్గరికి దిగుతుంది.

తర్వాత ప్రతి 1 మిల్లీసెకనుకి ఈ పనులు వరసగా జరగాలి:

1. రెండు సెన్సర్లనీ ఎనిమిదేసి సార్లు చదివి సగటు తీయాలి.
2. ముందుగా రాసిపెట్టుకున్న సున్నా విలువల్ని తీసేసి, స్థానం = కింది రీడింగ్ − (నిష్పత్తి × పై రీడింగ్) అని లెక్కించాలి.
3. వేగం = ఇప్పటి స్థానం − గత స్థానం. దీన్ని వడపోయాలి: వడపోసిన వేగానికి, కొత్త వేగంతో దానికున్న తేడాలో పావు వంతు కలపాలి.
4. పీడబ్ల్యూఎం = బయాస్ + పీ × (లక్ష్యం − స్థానం) − పీ × టీడీ × వేగం. ఇక్కడ పీ మొదటి నాబ్ విలువ, టీడీ రెండో నాబ్ విలువ, ఇది మిల్లీసెకన్లలో ఉంటుంది. బయాస్, లక్ష్యం ఎంతో తర్వాత కొలుస్తాం.
5. ఫలితాన్ని 0, 255 మధ్య కుదించి డీ9కి పంపాలి.
6. స్థానం లక్ష్యంలో 30 శాతం కంటే తక్కువైతే పీడబ్ల్యూఎం 0 చేయాలి.

ఆరోది ఎట్టిపరిస్థితుల్లోనూ వదిలేయొద్దు. బంతి పడిపోతే ప్రోగ్రామ్ దాన్ని ‘చాలా దూరంగా ఉంది’ అనుకుని పూర్తి కరెంటు ఇస్తూనే ఉంటుంది, కొద్దిసేపట్లో కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

నాబ్‌ల్ని ప్రతిసారీ చదవక్కర్లేదు, ప్రోగ్రామ్ వంద సార్లు తిరిగాక ఒకసారి చాలు. ఏ2 నాబ్‌కి పీ విలువ 0 నుంచి 8 వరకు, ఏ3 నాబ్‌కి టీడీ 0 నుంచి 60 మిల్లీసెకన్ల వరకు కేటాయించండి. వడపోతని ఇంకా గట్టిగా చేస్తే రీడింగ్‌లోని చిన్న చిన్న తేడాలు తగ్గుతాయి కదా అనిపిస్తుంది కానీ వడపోత అంటే ఆలస్యమే. ఇప్పటికే అది 3 మిల్లీసెకన్లు తింటోంది, కాయిల్ ఇండక్టెన్స్ ఇంకో 2 నుంచి 4 తింటుంది.

సీరియల్ ప్లాటర్‌కి (అంకెల్ని కంప్యూటర్ తెర మీద గీతగా చూపేది) అంకెలు పంపడం ప్రోగ్రామ్ 20 సార్లు తిరిగాక ఒకసారి చాలు. 1,15,200 బాడ్ దగ్గర కూడా మిల్లీసెకనుకి 11 అక్షరాలు మించి వెళ్లవు. తిరిగిన ప్రతిసారీ పంపితే ప్రోగ్రామ్ అక్కడే ఆగి ఎదురుచూస్తుంది, బంతి పడిపోతుంది.

బంతి పెట్టకముందు పరీక్షలు

అయస్కాంతాన్ని మీటరు దూరంలో ఉంచి, కాయిల్ ఆపి, రెండు సెన్సర్ల రీడింగ్ చూడండి. 512కి దగ్గర్లో ఉండాలి. వాటిని సున్నా విలువలుగా రాసుకోండి. ఎక్కడో 400 దగ్గర ఉంటే బోల్టులో అయస్కాంతత్వం మిగిలి ఉంది, బోల్టు మార్చండి.

ఇప్పుడు పీడబ్ల్యూఎంని 64, 128, 192 దగ్గర ఒక్కో సెకను ఉంచి రీడింగ్‌లు తీసుకోండి. రెండు సెన్సర్లూ ఒకే వైపు కదలాలి. ఎదురెదురుగా కదిలితే ఒక సెన్సర్ తిరగబడి ఉంది. కింది మార్పుని పై మార్పుతో భాగించండి, అదే మీ నిష్పత్తి. మూడు చోట్లా దాదాపు ఒకే విలువ రావాలి. 192 దగ్గర నిష్పత్తి మారిపోతే సెన్సర్ హద్దు తగులుతోందని అర్థం, ప్లాస్టిక్ ముక్క మందం ఇంకో మిల్లీమీటరు పెంచండి.

తర్వాత కాయిల్ ఆపి, బంతిని కిందనుంచి దగ్గరికి తెచ్చి కింది సెన్సర్ ఎటు కదులుతోందో చూడండి. కాయిల్ ఆన్ చేసినప్పుడు కదిలిన వైపే కదలాలి. వ్యతిరేకంగా కదిలితే కాయిల్ బంతిని లాగదు, తోస్తుంది. కాయిల్ వైర్లు రెండూ తారుమారు చేయండి. బంతి దగ్గరికి వచ్చేకొద్దీ స్థానం పెరుగుతూ ఉండాలి, తగ్గుతుంటే ప్రోగ్రామ్‌లో ప్లస్ మైనస్ గుర్తు మార్చండి.

ఎంత ఖాళీలో తేలాలి

కాయిల్‌కి కరెంటు లేకపోయినా అయస్కాంతం బోల్టుని లాగుతుంది. అందుకని ముందు ఆ దూరం కనుక్కోవాలి. బంతిని అట్టముక్కల దొంతర మీద నిలబెట్టి ఒక్కో అట్టా చేరుస్తూ ఎత్తండి. ఒక చోట బంతి ఎగిరి సెన్సర్‌కి అతుక్కుంటుంది. సెన్సర్ పగలకుండా దాని మీద ముందే పలచని స్పాంజి ముక్క అంటించి ఉంచండి. మన కొలతలతో ఈ ఎగిరే దూరం సుమారు 12 నుంచి 16 మి.మీ. మధ్య వస్తుంది. దానికి 4 మి.మీ. కలపండి, తేలే ఖాళీ అదే. ఇంకా దగ్గరైతే బోల్టు లాగేసుకుంటుంది. మన కాయిల్ లాగగలదే తప్ప తోయలేదు కాబట్టి వెనక్కి తేలేం. ఇంకా దూరమైతే కరెంటు, వేడి ఎక్కువ.

బంతిని అట్టల మీద సరిగ్గా ఆ ఖాళీలో ఉంచి స్థానం విలువ రాసుకోండి, అదే లక్ష్యం. అక్కడే ఉంచి పీడబ్ల్యూఎంని సున్నా నుంచి ఐదేసి చొప్పున పెంచుతూ పోండి. బంతి అట్టల మీంచి లేచిన విలువే బయాస్. 60 నుంచి 120 మధ్య వస్తే బాగున్నట్టు. 180 దాటితే బంతి బరువు తగ్గించండి, లేదా ఖాళీని ఒక మిల్లీమీటరు తగ్గించండి.

ట్యూనింగ్

టీడీ నాబ్‌ని 20 మిల్లీసెకన్ల దగ్గర, పీని 1 దగ్గర పెట్టి బంతిని రెండు వేళ్లతో పట్టుకుని కిందనుంచి పైకి తీసుకురండి. వదలొద్దు. పీని నెమ్మదిగా పెంచుతూ వేళ్లకి తెలిసేదాన్ని గమనించండి. పీ తక్కువగా ఉన్నప్పుడు బంతి పైకైనా జారుతుంది, కిందికైనా జారుతుంది, మధ్యలో నిలవదు. ఒక స్థాయి దాటగానే మధ్యలో ఏదో మెత్తటి స్ప్రింగ్ పట్టుకున్నట్టు ఉంటుంది, ఎటు తోసినా వెనక్కి తోస్తుంది. చాలావరకు పీ 2కీ 5కీ మధ్య ఇది తెలుస్తుంది. అక్కడ ఇంకో పావు వంతు పెంచి వేళ్లు మెల్లగా వదలండి.

బంతి నిలిచాక స్కేలు కొసతో తేలిగ్గా తట్టండి. రెండు మూడు ఊపుల్లో ఆగిపోవాలి. ఊపులు ఎక్కువైతే టీడీ పెంచండి. బంతి నిలబడే ఉన్నా కాయిల్ నుంచి బరబరమని శబ్దం వస్తుంటే టీడీ లేదా పీ ఎక్కువైంది, సెన్సర్ రీడింగ్‌లోని చిన్న చిన్న తేడాల్ని వేగంగా లెక్కగట్టి కాయిల్ వాటికి ఎగిరెగిరి పడుతోంది.

ఏం తప్పవుతుంది

వదిలిన వెంటనే పైకి అతుక్కుపోతుంటే బయాస్ ఎక్కువైంది, లేదా లక్ష్యం మరీ దగ్గర. వెంటనే కింద పడిపోతుంటే ప్లాటర్‌లో పీడబ్ల్యూఎం గీత చూడండి. బంతి దిగుతుండగా గీత పైకి లేవకపోతే గుర్తు తప్పు, లేచినా పడిపోతే కరెంటు చాలడం లేదు. ప్లాటర్ తెరిచిన క్షణంలోనే బంతి పడిపోవడం తప్పు కాదు, పోర్టు తెరవగానే ఆర్డునో రీసెట్ అవుతుంది. ముందు ప్లాటర్ తెరిచి, ఆ తర్వాతే బంతి పెట్టండి.

మొదట్లో బాగా నిలిచి, పావుగంట తర్వాత కిందికి దిగుతూ ఊగడం మొదలుపెడితే కాయిల్ వేడెక్కింది. రాగి రెసిస్టెన్స్ ప్రతి డిగ్రీకీ 0.4 శాతం దాకా పెరుగుతుంది. 40 డిగ్రీలు వేడెక్కితే అదే పీడబ్ల్యూఎంకి కరెంటు సుమారు 14 శాతం తగ్గినట్టు. బయాస్ కొంచెం పెంచడం తాత్కాలిక పరిష్కారం. అసలు పరిష్కారం తేలే ఖాళీని తగ్గించడమే.

పక్కలకి లోలకంలా ఊగుతూ ఎంతకీ ఆగకపోవడం మామూలే. ఆ దిశలో వస్తువు స్థిరంగా ఉంటుంది కానీ ఊపుని తగ్గించేది గాలి తప్ప ఏమీ లేదు. కాయిల్ కింద, సెన్సర్ చుట్టూ వచ్చేలా 3 మి.మీ. అల్యూమినియం రింగు బిగిస్తే అందులో పుట్టే ఎడ్డీ కరెంట్లు ఊపుని తొందరగా చంపేస్తాయి. లెంజ్ నియమం చెప్పడానికి రింగు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూపించండి.

నియోడిమియం అయస్కాంతం విషయంలో జాగ్రత్త అవసరం. రెండు అయస్కాంతాలు మింగితే పేగుల మధ్య పట్టుకుని ప్రాణం మీదికి తెస్తాయి, చిన్న పిల్లల చేతికి విడి అయస్కాంతాలు ఇవ్వొద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లని దగ్గరికి రానీయొద్దు. ఉక్కు స్క్రూడ్రైవర్‌ని బంతి దగ్గరికి తెస్తే అయస్కాంతం ఎగిరి తగిలి ముక్కలవుతుంది, కంటికి దెబ్బ తగలొచ్చు.

తరగతిలో చేయించాల్సినవి

మొదట టీడీ నాబ్ ప్రయోగం. బంతి నిలబడి ఉండగా టీడీని తగ్గిస్తూ ప్లాటర్‌లో స్థానం గీతని చూపించండి. తట్టిన తర్వాతి ఊపులు పొడుగవుతాయి, తర్వాత ఆగకుండా సాగుతాయి, తర్వాత ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. అరచేతిలో కర్ర నిలబెట్టే ఆట పిల్లలకి తెలిసిందే. కర్ర వంగాక కదిలేవాడు ఓడిపోతాడు, వంగే వేగాన్ని బట్టి ముందే కదిలేవాడు నిలబెడతాడు.

దీని వెంటనే ఆలస్యం ప్రయోగం చేయండి. ప్రోగ్రామ్‌లో గత ఇరవై రీడింగ్‌లని దాచిపెట్టి, తాజా రీడింగ్‌కి బదులు 1, 2, 3 మిల్లీసెకన్ల కిందటిది వాడేలా చేయండి. నాబ్‌లు ముట్టుకోకుండానే, కొద్ది మిల్లీసెకన్ల ఆలస్యానికే బంతి పడిపోతుంది. సమాచారం అదే, లెక్క అదే, మారింది వయసు మాత్రమే. ఏ విలువ దగ్గర పడిందో పిల్లల చేత రాయించి, పైన లెక్కగట్టిన 23 మిల్లీసెకన్లతో పోల్చమనండి.

మూడోది న్యూటన్ మూడో నియమం. స్టాండ్ మొత్తాన్ని డిజిటల్ తూకం మీద పెట్టండి. బంతిని అడుగు పలక మీద ఉంచినప్పుడూ గాల్లో తేలుతున్నప్పుడూ బరువు ఎంత చూపిస్తుందో ముందు ఊహించి రాయమనండి. రెండూ ఒకటే. బంతిని బోల్టు ఎంత పైకి లాగుతోందో, బంతి బోల్టుని అంతే కిందికి లాగుతోంది. తూకం లోపలి ఇనుప భాగాలు అయస్కాంతానికి దగ్గర కాకుండా కింద 10 సెం.మీ. చెక్క దిమ్మ పెట్టండి.

చివరిది కొంచెం ముదిరిన తరగతులకి. బంతి కింద 5 గ్రాముల క్లే అంటిస్తే అది మిల్లీమీటరు లోపే కిందికి దిగి నిలబడుతుంది, స్ప్రింగుకి బరువు తగిలించినట్టే. ఇప్పుడు ప్రోగ్రామ్‌లో ఒక చిన్న మార్పు చేయండి. గత సెకనులో సగటు పీడబ్ల్యూఎం ఎంతో చూసి, అది 50 కంటే ఎక్కువుంటే లక్ష్యాన్ని కొద్దిగా పెంచాలి, తక్కువుంటే కొద్దిగా తగ్గించాలి. సెకనుకి ఒకటి రెండు అంకెలు మించొద్దు, తొందరపెడితే బంతి మెల్లగా పైకీ కిందికీ ఊగడం మొదలవుతుంది. ఇలా చేస్తే బంతి బోల్టుకి దగ్గరగా జరుగుతుంది, బరువులో ఎక్కువ భాగం శాశ్వత అయస్కాంతమే మోస్తుంది, కాయిల్ చల్లబడుతుంది. ఈ స్థితిలో మళ్లీ 5 గ్రాముల క్లే అంటించండి. బంతి ఒక్క క్షణం కిందికి దిగి, తర్వాత ముందున్న చోటికంటే పైకి వెళ్లి నిలబడుతుంది. బరువు పెంచితే పైకెందుకు వెళ్లిందో సమాధానం వెంటనే చెప్పకండి. ప్లాటర్‌లో పీడబ్ల్యూఎం గీత మళ్లీ 50 దగ్గరికి వచ్చి ఆగడం చూశాక, అదనపు బరువుని మోస్తున్నది ఎవరో పిల్లలే చెబుతారు. క్లేని రెండేసి గ్రాముల చొప్పునే చేర్చుకుంటూ వెళ్లండి. ముందు కనుక్కున్న ఎగిరే దూరాన్ని మళ్లీ ఆ కొత్త బరువుకి కొలిచి, బంతి దానికంటే కనీసం 2 మి.మీ. కింద ఉండేలా చూసుకోండి.